చెవి వెనక రంగు

మా బనీ ఊళ్ళో బిడ్డ పుడితే ఆడో మగో అడిగి, ఆ వెంటనే చెవి చూస్తారు. పుట్టగానే అందరూ ఎర్రగానే ఉంటారు కదా, పెద్దయ్యాక తేలే రంగు చెవి అంచున ముందే కనిపిస్తుందట. చెవి నల్లగా ఉందా, ఇంటిల్లిపాదికీ మొహాలు మాడిపోతాయి. ఈ పాడు అలవాటు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మంత్రసాని తోమసీనా మా పక్కింటావిడే. మాలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి, తండ్రిదొకటి, తల్లిదొకటి. తోమసీనాకి తల్లిది ఒక్కటే. వాళ్ళ నాన్న ఆవిడ చెవి చూసి, "ఇది నా బిడ్డ కాదు" అని లేచి వెళ్ళిపోయాడు. బడిలో, పెళ్ళిలో, ఆఖరికి ఆసుపత్రి చీటీ దగ్గర కూడా "రెండో పేరు?" అని అడిగితే "లేదు" అని చెప్పుకోవాలి. అరవై ఏళ్ళు! ఏం పాపం చేసిందని? అందుకే తను పురుడు పోసిన ప్రతి బిడ్డకీ చెవులు కప్పేలా టోపీ తొడిగి గడ్డం కింద ముడేసేది.

మా వీధిలోని నెరేదాకి నొప్పులొచ్చిన రోజు నీళ్ళు కాచడానికి నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. ఏం గొంతనుకున్నారు! పిల్ల తండ్రి అమాన్సియో వాకిట్లోనే ఉన్నాడు. ఇద్దరికీ పెళ్ళి కాలేదు. రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్ళి "నా కూతురే" అని అతను సంతకం పెడితేనే పిల్లకి తండ్రి పేరొస్తుంది. ఇంతలో అమాన్సియో వాళ్ళమ్మ ఓర్తెన్సియా దిగబడింది, మొహం నిండా తెల్లగా పౌడరు కొట్టుకుని.

బాలింత వంక చూడనైనా చూడలేదు. టోపీ ముడి లాగేసి, పసిదాని చెవి మడిచింది.

"అయ్యో, కాకి రంగు! మా వంశంలో ఇది లేదు. ఒరేయ్ అమాన్సియో, సంతకం పెట్టావో, నా గుమ్మం తొక్కకు!"

నెరేదా పిల్లని గుండెకి హత్తుకుని గోడవైపు తిరిగిపోయింది. గుమ్మంలోకొచ్చి నిలబడ్డ ఆ మహానుభావుడేమో తలొంచుకుని చెప్పులు చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళ మగాడు!

తోమసీనా చేతులు తుడుచుకుంది. ఓర్తెన్సియాని భుజం పట్టి కిటికీవైపు తిప్పి, జుట్టు పక్కకి తోసి, చెవి మడిచింది.

"రా నాయనా, చూడు. మీ అమ్మ పౌడరు ఇక్కడిదాకా రాలేదు."

నిజమే. చెంప మీది తెలుపు చెవి దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. ఆ వెనకంతా పసిదాని చెవి రంగే.

"చెయ్యి తియ్యవే, ముసలిదానా!"

"తీస్తాను. నీకెవరైనా ఇంటిపేరు ఎగ్గొట్టారా? లేదు కదా! మరి దీనికెందుకు ఎగ్గొడతావు? నీ మొహానికి ఎంత పౌడరైనా పూసుకో, నాకేం. ఈ పసిదాని బతుక్కి మసి పుయ్యకు!"

అమాన్సియో తల్లి చెవి వంక చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళూ అతనికి తెలియదని నేననుకోను.

"పుట్టిన టైమెంతమ్మా?" అన్నాడు తోమసీనాతో. "ఆఫీసులో అడుగుతారు."

"ఒంటిగంటా పది. ఇవాళే వెళ్ళు. నాలుగింటికి మూసేస్తారు."