గుడ్డ కట్టిన గాజులు

పైడితల్లి మీద ఒట్టు. పిల్లల మీద మాత్రం వెయ్యను. ఆవిడైతే నన్నెరిగున్న తల్లి గనక ఏమీ అనుకోదు. నమ్మితే నమ్మండి, లేకపోతే ఆ కాఫీ తాగేసి లేచి పొండి. ఇది నాకే జరిగింది... ఈ రెండు చెవులతో విన్నాను.

మెర్డేకాకి, అదే మలయాకి స్వతంత్రం రావడానికి, ఇంకా రెండు మూడేళ్ళుంది. ఎమర్జెన్సీ రోజులు. సుంగై పెటాని దగ్గర మా రబ్బరు ఎస్టేటు చుట్టూ ముళ్ళతీగ కట్టించారు. అడవిలో దాక్కుని తెల్లదొరల మీద పోరాడే కమ్యూనిస్టులకి మా బియ్యం చేరకూడదట. చీకటి పడితే ఎవరూ బయట తిరగకూడదట. ఆ తీగ కట్టింది మళ్ళీ మావాళ్ళే! కడుతుండగా మా ఇంటాయన మడమలో తుప్పు ముల్లు దిగింది. పసుపూ సున్నమూ రాసుకుని ఊరుకున్నాడు.

వారం తిరిగింది. ఒక పొద్దున్న గంజి ముందు పెడితే నోరు తెరవలేదు. అంతకుముందు రాత్రే మాటా మాటా అనుకున్నాం. అలిగాడనుకున్నాను.

"ఏటి, మూతి బిగించినావు? నాను కూడా మాటాడను. ఎవులు ముందు దిగొస్తారో సూద్దారి" అన్నాను.

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు తెరవడం ఆయన చేతిలో లేదని అప్పటికి గాని నాకు అర్థం కాలేదు.

ధనుర్వాతం. పట్నం ఆసుపత్రిలో ఒక మూలగదిలో పడుకోబెట్టారు. కిటికీలకి నల్లగుడ్డ. తలుపు బందులకి నూనె. లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పులు విప్పాలి. కాస్త చప్పుడైనా, కాస్త వెలుగు పడినా ఒళ్ళంతా విల్లులా వంగిపోతుంది. ఊపిరి బిగుసుకుపోతుంది. ఒక చెంచా కింద పడితే చాలు, మనిషి పోవచ్చు.

అక్కడి నర్సు, మిస్సీ అనేవాళ్ళం, నా చేతుల వంక చూసింది. "గాజులు తీసెయ్యమ్మా. గలగలమంటే ఆయన తట్టుకోడు" అని తమిళంలో గుసగుసగా చెప్పింది.

మొగుడు బతికుండగా గాజులు తియ్యడమా! వరండాలో నాకు తోడుగా అప్పయ్యమ్మ ఉండేది. వేరే ఎస్టేటు ముసలమ్మ, మలాయివాళ్ళలాగా మాటకి 'లా' తగిలించేది. ఆమె కొడుకు పెద్దవార్డులో ఉన్నాడు.

"తియ్యకు లా! తీసినావంటే నీ సేత్తో నువ్వే బొట్టు సెరుపుకున్నట్టు" అంది.

అంటూనే తన పాతచీర చింపి, నా రెండు చేతులకీ గాజుల మీదుగా బిగించి కట్టింది. మిస్సీ నా చేతులు ఊపి చూసింది. చప్పుడు లేదు. సరే, గుమ్మం బయట కూర్చోమంది.

ఇంకో మాట చెప్పాలి. నేను ఆయనకి రెండోదాన్ని. మొదటామె జపానువాళ్ళ కాలంలో జ్వరంతో పోయింది. పసుపు కుంకాలతో, చేతినిండా గాజులతో పోయిన పుణ్యాత్మురాలని మా అత్త నాకు వినబడేటట్టే అనేది. నేనామెని చూడలేదు గాని, మనసులో అప్ప అనే అనుకునేదాన్ని, మాలో అక్కని అలాగే అంటాం.

కర్ఫ్యూ గనక సాయంత్రమైతే ఇంటికి పోవడానికి లేదు. వండిన అన్నం కూడా ఎస్టేటు గేటు దాటనివ్వరు. టీనీళ్ళూ బిస్కెట్లే తిండి. నిద్రంటారా... కళ్ళు మూస్తే చాలు, ఆయన ఊపిరి ఆగిపోయిందని ఉలిక్కిపడేదాన్ని. తలుపు సందులోంచి వచ్చే ఆ ఊపిరి వినడమే నా పని. రాను రాను నా ఒంట్లో చెవులు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఆ రాత్రి వాన వెలిసింది. చూరునీళ్ళు కూడా ఆగిపోయాయి. మిస్సీ పెద్దవార్డుకి వెళ్ళింది. అప్పయ్యమ్మ ముడుచుకుని పడుకుంది. అప్పుడు...

గల్...

గదిలోంచి.

నా చేతులు చూసుకున్నాను. ఒళ్ళోనే ఉన్నాయి. గుడ్డ బిగించినట్టే ఉంది. ఊపిరి బిగబట్టాను.

గల్... గల్...

గాజులు. ఆడమనిషి నిదానంగా నడుస్తుంటే మోగుతాయే, అలా. మంచం తలవైపు నుంచి... మెల్లిగా... కాళ్ళవైపుకి. ఆగింది. మళ్ళీ తలవైపుకి.

దెయ్యమా భూతమా అన్న ఆలోచన ముందు రాలేదు. చప్పుడు! ఆ చప్పుడుకి ఆయన పోతాడు! అదే నా భయం. కేక పెడదామంటే, ఆ కేకే ఆయన్ని చంపుతుంది. కొంగు నోట్లో కుక్కుకుని తలుపు తోశాను. నూనె రాసిన తలుపు... కిక్కురుమనలేదు.

లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. మందుల వాసన. దాని మధ్యలో ఎక్కడో... పచ్చిపసుపు వాసన. గాజులు ఆగలేదు. నా ఎదురుగానే. చెయ్యి చాపితే తగిలేటంత దగ్గర...

కానీ ఆయన ఒళ్ళు వంగలేదు. ఊపిరి మెత్తగా వస్తోంది, పసిపిల్లాడు నిద్రపోతున్నట్టు. ఆ పొద్దున్నే గిన్నె చప్పుడుకి విలవిల్లాడిన మనిషి!

నేను చెయ్యి చాపలేదు. చాపలేకపోయాను. "అప్పా, తీసుకెల్లిపోకు. నీకు దండమెడతాను" అని మనసులోనే వేడుకున్నాను.

గల్... అంతే. ఆగిపోయింది.

తెల్లారాక అప్పయ్యమ్మని అడిగాను.

"నాకేటీ ఇనబడలేదమ్మా. నువ్వు కునుకు తీసి ఎన్నాళ్ళయినాది? నిద్ర నేకపోతే అలాగే ఇనబడతాది. నా కొడుకు మాట పడిపోయి ఉన్నాడు కదా... ఆడు అమ్మా అని పిలిసినట్టు నాకు రోజూ ఇనబడతాది."

అదే నిజమేమో అనుకున్నాను. గుడ్డ విప్పి చూసుకున్నాను. నా గాజులు ఒక్కటీ చిట్లలేదు.

ఆయన బతికాడు. ఎస్టేటు లారీలో ఇంటికి వస్తుంటే, అరకొరగా తెరుచుకునే నోటితో ఏమన్నాడో తెలుసా?

"ఆ సీకట్లో నువ్వు గాజులాడిస్తా తిరిగినావు సూడు... ఆ సప్పుడు పట్టుకునే ఉండిపోనాను."

నేను కాదని చెప్పలేదు. మొగుడు మెచ్చుకుంటుంటే ఏ ఆడది కాదంటుంది చెప్పండి! పైగా, నేను కాదంటే మరెవరని అడుగుతాడు కదా.

ముప్పయ్యేళ్ళు ఆ మాట మీదే కాపురం చేశాను. ఏటా కొత్త గాజులు ఆయనే కొని తెచ్చేవాడు. చివరికి క్లాంగ్‌లో మా పెద్దాడింట్లో మంచం పట్టాడు. చూపు పోయింది. ఒక రాత్రి నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఓపాలి గాజులాడించే" అన్నాడు.

రెండు చేతులూ ఆయన చెవి దగ్గర పెట్టి ఆడించాను. ఏడుపు ఆపుకుంటూ ఆడించాను. ఆయన కదలకుండా విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇది కాదే" అన్నాడు.

గోడవైపే చెవి పెట్టుకుని పడుకున్నాడు, ఎవరో వస్తారన్నట్టు. తెల్లవారుజామున పోయాడు. ఆ చప్పుడు ఆయనకి మళ్ళీ వినబడిందో లేదో నాకు తెలీదు. రాత్రంతా పక్కనే కూర్చుని నేను కూడా చెవులు రిక్కించాను... నాకు మాత్రం వినబడలేదు.