రాక్షసబల్లి వచ్చినా పడవ వదలం

సముద్రంలోంచి లేచే ఆ పేరుమోసిన రాక్షసబల్లి బొమ్మల నవల ఈరోజు చేతికొచ్చింది. నెలంతా ఎదురుచూశాను. తీరా తెరిస్తే సగం పేజీల్లో పొగ, మిగతా సగంలో అరుపులు. అది ఒడ్డుకు రాగానే జాలర్లంతా పడవలు వదిలేసి పారిపోయారు.

పక్కన చేపలు తోముతున్న అమ్మ తొంగి చూసింది.

"పడవ లాక్కోకుండానే పరిగెత్తినారా? తుఫానొచ్చినా మీ నాయన పడవను మెరకకు లాగినాకే గదా ఇంటికొచ్చేది!"

నిజమే. ఇక నేనే గీస్తానని కూర్చున్నాను. సాయంత్రానికి మొదటి బొమ్మ పూర్తయింది. వెనక రాక్షసబల్లి, ముందు మోకు పట్టి పడవ లాగుతున్న ఆరుగురు.

అమ్మ లెక్కపెట్టింది. "ఆరుగురితో కదలదు మే. ఇంకో ఇద్దర్ని పెట్టు."

రాక్షసబల్లి దగ్గరికొచ్చేసింది. మోకు పట్టే ఆ ఇద్దరెవరో కామెంట్లో చెప్పండి. పారిపోయే మొహాలు మాత్రం నేను గీయను.