చెరిగిన వేలిగీతలు

బొమ్మనహళ్ళి బస్సులో నా పక్కనున్న ఆమె వేళ్లకు కొబ్బరినూనె రుద్దుకుంటోంది. ఏమైందని అడిగాను.

"విజిట్ వీసాకి పోతే మిషన్‌లో నా వేలిముద్రలు పడలేదక్కా. గార్మెంట్స్‌లో ఇరవై ఏండ్లు ఇస్త్రీ చేస్తి, గీతలన్నీ పోయినాయి. పది దినాలకు మళ్ళీ రమ్మన్నారు. గల్ఫ్‌లో మా చెల్లెలు ఆసుపత్రిలో ఉండాది. ఈ వారం దాటదంట."

"నూనె రాస్తే వస్తాయామ్మా?"

"రావు. ఊరికే ఉండలేక."

నూనె సీసాకు మూత బిగిస్తూ తనే అడిగింది. "నాకు సంతకం వస్తాదక్కా. అది చాలదా?"

యాభై ఏళ్లు వచ్చేదాకా వేలిముద్రే వేసి, ఆ సిగ్గుతోనే అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. ఆ రోజు నుంచి ఎక్కడ సంతకం పెట్టినా, గీతలు చెరగని నా బొటనవేలి వైపు చూడలేను.