ట్యాంకరు మీద తెల్లరంగు

"తమ్ముడు కూడా తాగినాడు మా" అంటూ నా కూతురు అడుగంటిన సీసా చూపించింది. మూత తీసి వాసన చూశాను. బ్లీచింగు వాసన, దాని కింద, తడిగుడ్డను మూలన పడేసి మరిచిపోతే వచ్చే ముక్కిపోయిన వాసన.

మా కాలనీ తిరుపతికీ వడమాలపేటకూ మధ్యలో ఉంది. వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటుకు రోజూ ఒక ట్యాంకరు నీళ్లు తెస్తుంది. దాని వెనక పెద్ద అక్షరాలతో 'శుద్ధి', కాస్త ఎడంగా 'నీరు' అని ఉంటుంది. నా కూతురికి ఒత్తులు ఈ మధ్యే పట్టుబడ్డాయి. 'శుద్ధి' అని చదవగలిగిన సంతోషంలో, కారుతున్న పైపు కింద సీసా పట్టి తాను తాగి, నాలుగేళ్ల తమ్ముడికీ తాగించింది.

"శుద్ధి అంటే మంచిదే కదా మా. గుళ్లో కూడా చేస్తారు కదా."

పరుగున వెళ్లాను. డ్రైవరు నీడలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఈ నీళ్లు యాడివి అన్నా?"

"ప్లాంటువి మా. టౌను డ్రైనేజీ అంతా ఆడికే పోతాది. ఆడ శుద్ధి చేసి ఇస్తారు. సిమెంటు పనికి. తాగేదానికి కాదు."

"అట్లని యాడ రాసినారు?"

అతను లేచి నన్ను ట్యాంకరు వెనక్కి తీసుకెళ్లాడు. రెండు మాటల మధ్య తెల్లరంగు పట్టీ. దాని కింద అక్షరాలు ఉబ్బెత్తుగా తెలుస్తున్నాయి: 'చేసిన మురుగు'.

"ముందు మొత్తం రాసే ఉన్నింది మా. భూమిపూజ చేసిన జాగాలో దొడ్డినీళ్లు పోస్తావా అని ఓనర్లు తరుముకున్నారు. మా కాంట్రాక్టరు ఆ రెండు మాటలూ కొట్టేయమన్నాడు. ఇప్పుడు అందురికీ శుద్ధే" అని నవ్వాడు.

డాక్టరు రెండు రోజులు చూడమన్నాడు. వాంతులైనా, విరేచనాలైనా, జ్వరం వచ్చినా వెంటనే తీసుకురమ్మన్నాడు. పిల్లల్ని మా అత్త దగ్గర వదిలి, ఆ సీసాతోనే నీళ్ల ఆఫీసుకు వెళ్లాను.

"కట్టడాలకు ఈ నీళ్లే వాడాలని రూలుంది మేడం. ట్యాంకరు మీద ఏం రాయాలో రూల్లో లేదు" అన్నాడు అక్కడి అధికారి.

"తాగకూడదనైనా రాయించండి సార్."

"రాస్తే ఎవురూ తీసుకోరు. మళ్లీ అన్నీ కాలవలోకే వదలాల. అయినా మీరు భయపడొద్దు, చాలా క్లీన్ వాటర్."

అలా అంటూనే, తన ఫైలు మీద నేను పెట్టిన సీసాను పెన్నుతో పక్కకు నెట్టాడు. తర్వాత ఆ పెన్నును కాగితంతో తుడుచుకున్నాడు. నేను సీసా తీసుకుని లేచాను.

ఇంటికొస్తుంటే నా మీద నాకే రోత పుట్టింది. కిందటేడు మా కాలనీ పార్కుకు ఈ నీళ్లే వేరే పైపులో ఇస్తామని ఆ ఆఫీసు వాళ్లే వచ్చారు. పార్కులో పూలు దేవుడికి కోసుకుంటాం, వద్దని అందరం సంతకాలు పెట్టాం. మా అత్త చెప్పిందని కాదు నేను పెట్టింది. నాకే అసహ్యమేసి పెట్టాను. మందారాలకు వద్దన్న నీళ్లు నా పిల్లల కడుపులో ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఇద్దరి నుదుళ్లూ పట్టి చూశాను. చల్లగానే ఉన్నాయి. ఇంకో రోజు చూడాలి.

"నేను తప్పు చదివినానా మా?" అంది కూతురు. రాత్రంతా అదే మనసులో పెట్టుకున్నట్టుంది.

"లేదు, సరిగ్గానే చదివినావు. ఆడ 'మురుగు' అనే మాట ఉన్నింది. వాళ్లు దాని మీద రంగు కొట్టేసినారు. మన బాత్రూముల్లోంచి పోయిన నీళ్లే అవి. శుభ్రం చేసి తెచ్చినారు. చెట్లకు పోయొచ్చు, గోడలకు కొట్టొచ్చు. తాగేదానికి కాదు. బయట ఏం రాసున్నా నన్ను అడక్కుండా తాగొద్దు."

"మనం ఉచ్చ పోసిన నీళ్లా మా?" అని చిన్నాడు పకపకా నవ్వాడు.

అవునని చెప్పాను.