ఆషాఢం వెళ్లేదాకా ఆగిన బంతి

నా తెలుగు అంతంత మాత్రమైనదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను. పగలు రైస్ మిల్లులో కాటా గుమాస్తాగా పనిచేస్తూ, సాయంత్రపు తరగతులకు వెళ్లి, పిల్లల తండ్రినయిన తరువాత బి.ఏ. పట్టా పుచ్చుకున్నవాడిని. ఆ పట్టా మా ముందు గదిలో గోడకు ఉన్నది. దాని విషయంలో నాకు సిగ్గు లేదు. అయితే పట్టా వేరు, పోయిన మనిషిని కాగితం మీద నిలబెట్టడం వేరు. మా జట్టు సెక్రటరీ గారు మొన్న మంగళవారం కాకినాడ ఆసుపత్రిలో పోయారు. ధాన్యం లారీ కాటా మీద ఉండగా నాకు ఫోను వచ్చింది. బరువు చూసి చెప్పమని డ్రైవరు కేకలు వేస్తున్నాడు. ముల్లు ఎక్కడ ఆగిందో నాకు కనబడలేదు.

వారిని సెక్రటరీ గారు అన్నామే గాని, మా క్రికెట్ జట్టుకు రిజిస్ట్రేషను లేదు, ఆఫీసు లేదు, సెక్రటరీ అనే పదవీ లేదు. మండపేట రోడ్డు మీద లారీ టైర్లకు రీట్రెడింగు చేసే షాపు వారిది. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో గాని ఆ పిలుపు నిలిచిపోయింది. వారి ఇంట్లోవారు కూడా, "సెక్రటరీ గారు భోంచేస్తున్నారండి, కూర్చోండి" అనేవారు.

మా ప్రాంతంలో పొలమే మైదానం. తొలి పంట సార్వా కోతలయ్యాక చేను ఆరితే ఆట మొదలవుతుంది, కాలువకు నీళ్లు వదిలితే ఆగిపోతుంది. మధ్యలో దాళ్వా పంట వేస్తే ఆట లేదు. మా ఊరి ఆసామి ఒకాయన ఆట మీది మక్కువతో అయిదెకరాల చేనుకు దాళ్వా మానేసి మాకు వదిలేవారు. చుట్టూ అందరూ రెండో పంట తీసుకుంటూ ఉంటే ఆయన చేలో మేము కొబ్బరి పీచు మ్యాటు పరిచి ఆడుకునేవాళ్లం. అది ఎంతటి ఔదార్యమో ఒక పంట డబ్బు పోగొట్టుకున్న రైతుకే తెలుస్తుంది.

నేను ఆడినవాడిని కాను. చూసినవాడిని. నావంటి వాళ్లం కొందరం వానాకాలమంతా సాయంత్రాలు ఆ టైర్ల షాపులో చేరేవాళ్లం. కాలిన రబ్బరు వాసనలో, అరిగిన టైర్ల మీద కూర్చుని, రాబోయే సీజనుకు జట్టును కట్టేవాళ్లం. మా టోర్నమెంట్లలో ఒక్కొక్క జట్టు ముగ్గురు బయటి ఊరి ఆటగాళ్లను తెచ్చుకోవచ్చు. ఆ ముగ్గురు ఎవరన్నదే మా వానాకాలం. "సీజన్లో జట్టు ఆడుద్ది, వానల్లో మనం ఆడాలి" అనేవారు సెక్రటరీ గారు.

మాలో ఎక్కువ మాట్లాడేది మా ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు గారు. ఆయనకు బ్యాట్స్‌మన్ అంటే ప్రాణం.

"రాయవరం ఓపెనరుని తెచ్చేద్దామండి. పాతుకున్నాడంటే కదలడు."

"కదలడండి, నిజమే" అనేవారు సెక్రటరీ గారు. "పరుక్కి కూడా కదలడు. పోయినేడు అతనితో ఆడినోళ్లంతా రనౌట్లే."

"పోనీ కడియం స్పిన్నరు?"

"మంచోడే. ప్రాక్టీసుకి రమ్మంటే నర్సరీలో మొక్కలకి నీళ్లెవరు పెడతారండీ అంటాడు. ఫైనల్ రోజున గులాబీ అంట్లకి లోడొచ్చిందనుకోండి, మన గతేంటి?"

"అయితే మన ఊళ్లో ఎవరూ ఎదగట్లేదంటారు."

"కిళ్లీకొట్టు వాళ్లబ్బాయి ఉన్నాడుగా. బంతి బానే వేస్తాడు. ఫోరు కొట్టించుకుంటే మాత్రం వాళ్లమ్మ ఎక్కడుందా అని చూస్తాడు."

ఇది సెక్రటరీ గారి కొలబద్ద. వికెట్టు తీసినప్పుడు ఎవడైనా మొనగాడిలాగే కనబడతాడనీ, బౌలరును దెబ్బ తిన్న తరువాతనే చూడాలనీ వారు పదే పదే చెప్పేవారు. నేను కొత్త కాటా కుర్రాళ్లను పనిలో పెట్టుకునేటప్పుడు ఈ మాట నాకు పనికి వచ్చింది.

ఒక వేసవిలో పిఠాపురం దగ్గర జరిగిన ఆటలో ఉప్పాడ నుంచి వచ్చిన ఎడమచేతి బౌలరును చూశాము. చేపలవేట చేసుకునే కుటుంబం. ఇరవై దాటిన యువకుడు. ఒకడు అతని బంతిని సిక్సరు కొట్టాడు. బంతి జీడితోటలో పడింది. దానిని వెతికి తెచ్చేదాకా అతను కొట్టినవాడి పాదాల వంక చూస్తూ నిలబడ్డాడు. తరువాతి బంతికి మధ్య వికెట్టు లేచి వెనక్కి పడింది. తిరిగి ఊరు వచ్చాక సెక్రటరీ గారు నా భుజం మీద చేయి వేసి, "దొరికాడు తమ్ముడూ" అన్నారు.

అతను మాకు ఎందుకు అంత అవసరమో చెప్పాలి. ఆ ఏడాది ఆసామి గారి కొడుకులు చేనును చేపల చెరువుగా తవ్విద్దామని పట్టుబట్టారు. ఆసామి గారు షాపుకు వచ్చి నిలబడే చెప్పారు.

"మావోళ్లు నన్ను బతకనివ్వట్లేదండీ. ఈసారి మీరు కప్పు పట్టుకొత్తే, దాన్ని మా అరుగు మీద పెట్టి ఇదిగోరా ఊరి పరువు అని వాళ్ల నోరు మూయిత్తాను. లేదా, ఇంక నా మాట సాగదు."

బౌలరు దొరికితే కప్పు, కప్పు వస్తే చేను. మా జట్టు బ్రతుకు అంత సన్నని దారం మీద నిలబడింది.

మా వైపు ఆటగాడిని కుదుర్చుకోవడానికి ఒక పద్ధతి ఉండేది. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, అరటిపండ్లు, వాటి మధ్య ఒక కొత్త బంతి పెట్టుకుని ఆ ఇంటికి వెళ్లాలి. పెద్దల సమక్షంలో అతను ఆ తాంబూలం అందుకుంటే ఆ ఏడాదికి ఆ జట్టువాడు. తరువాత ఎవరు ఎంత ఆశ చూపినా మాట తప్పిన ఆటగాడిని నేను చూడలేదు. కాగితాలు వ్రాసుకున్న వ్యవహారాలు మిల్లులో చాలా చెడిపోగా చూశాను. ఈ తాంబూలం చెడగా చూడలేదు.

మేము ఉప్పాడ వెళ్దామనుకునే సరికి ఆషాఢం వచ్చింది.

"ఏం పర్లేదండీ, రేపు పొద్దున్నే నా బండి మీద పోదాం" అన్నారు డాక్టరు గారు.

సెక్రటరీ గారు చేతిలోని టైరు కిందకు దించారు. "ఆషాఢంలో తాంబూలమా? మనింటి పిల్ల సంబంధమైతే పంపుతామాండీ? వేటోళ్లే కదా, ఎప్పుడిత్తే ఏంటని పడేసి వచ్చేత్తామా? శ్రావణం రానివ్వండి. మర్యాదగా వెళ్దాం."

ఎవరమూ కాదనలేదు. అది సరైన మాటేనని అప్పుడు నాకు తోచింది. ఇప్పటికీ తప్పని అనలేను. ఆయన రాజమండ్రి వెళ్లి బంతి తెచ్చి, పసుపు బొట్టు పెట్టి, షాపులో దేవుడి పటాల దగ్గర ఉంచారు. నెల అంతా దాని ముందు అగరువత్తి వెలిగింది.

శ్రావణంలో మొదటి శుక్రవారం సెక్రటరీ గారు, నేను ఉతికిన పంచెలు కట్టుకుని పళ్లెంతో ఉప్పాడ వెళ్లాము. బౌలరు వేటకు వెళ్లాడు. తండ్రి ఇసుకలో రెండు కుర్చీలు వేయించాడు. సోడాలు తెప్పించాడు. పళ్లెం వంక చూసి, అప్పుడు చెప్పాడు.

"పెద్దాపురం జట్టోళ్లొచ్చేరండి. మావోడు అందుకున్నాడు."

"ఎప్పుడండీ?"

"పోయిన నెల. అమ్మోరి జాతర జరుగుతుందంట కదండీ వాళ్లకి. పెసాదం, బంతి కలిపి తెచ్చేరు."

మాకు శూన్యమాసమైన ఆషాఢం పెద్దాపురం వారికి మరిడమ్మ జాతర మాసం. వారికి ఏడాదిలో అంతకంటే మంచి రోజులు లేవు. పాతికేళ్లుగా ఆ జాతరకు వెళ్లి వస్తున్న మనుషులమే. ఆ సంగతి మాకు ఆ కుర్చీలలో కూర్చున్నాకనే తట్టింది.

తిరుగు బస్సులో పళ్లెం వారి ఒడిలో ఉన్నది. కండక్టరు పెళ్లి ఎవరిదండీ అని అడిగాడు. సెక్రటరీ గారు అరటిపండ్లు అతనికి ఇచ్చేశారు.

ఆ సీజనులో మా చేలోనే సెమీఫైనల్ పడింది. మాకు ఎదురు పెద్దాపురం జట్టు. దేవుడి పటాల దగ్గర ఉంచిన ఆ బంతినే మావాళ్లు వాడారు, ఏమీ కలిసి రాలేదు. ఉప్పాడ బౌలరు బంతి అందుకున్నాక మా జట్టు అన్నం ఉడికేంత సేపు కూడా నిలబడలేదు. ఆసామి గారు ఆట ముగియకుండానే గొడుగు మడుచుకుని వెళ్లిపోయారు.

ఆట అయ్యాక సెక్రటరీ గారు ఆ యువకుడి దగ్గరకు నడిచి వెళ్లి చేయి కలిపారు. నేను పక్కనే ఉన్నాను.

"చాలా బాగా వేశావు బాబూ."

అతను వినయంగానే తల వంచాడు. "మీకోసమే నెలంతా చూశానండి. పిఠాపురంలో నా ఆట మీరు చూడ్డం నేనూ చూశాను కదండీ. పెద్దాపురం వాళ్లని రెండు మాట్లు తిప్పి పంపేశాను. ఆనక మా అయ్య అన్నాడండి, చేపలోళ్ల గుమ్మం తొక్కరులేరా ఆళ్లు, అని."

"అది కాదు బాబూ, ఆషాఢం..." అని సెక్రటరీ గారు అందుకోబోయారు. అంతలో డప్పులు వచ్చాయి. పెద్దాపురం వారు అతన్ని భుజాల మీదకు ఎత్తుకుని ట్రాక్టరు వైపు తీసుకుపోయారు. మాట అక్కడే ఆగిపోయింది.

ఎండలు ముదిరాక చెరువు తవ్వడానికి చేలోకి ప్రొక్లెయిన్ దిగింది. మేము రోలరు తిప్పి తిప్పి గట్టిపరచిన నేల దగ్గర దాని తొట్టి కాసేపు మొరాయించిందని డ్రైవరు చెప్పాడు. అంతే. గట్లు లేచాయి, నీరు నిండింది. ఆటగాళ్లు తలో దిక్కు అయ్యారు. కిళ్లీకొట్టు వాళ్లబ్బాయి హైదరాబాదులో సెక్యూరిటీ పనిలో చేరాడు.

ఇక్కడితో సంగతి ముగిసి ఉంటే నేను ఇది వ్రాసి ఉండేవాడిని కాను. మరుసటి వానాకాలం మొదటి వారం సెక్రటరీ గారు యథాప్రకారం టైర్లు వరుసగా వేయించి, టీ చెప్పి, "ఈసారి ఎవరిని తెద్దామంటారు?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. డాక్టరు గారే ముందు రాయవరం ఓపెనరు పేరు ఎత్తారు. వాదన జరిగింది. నవ్వుకున్నాము కూడా. ఇంటికి నడుస్తుంటే మాత్రం శవం ముందు పేకాట ఆడి వచ్చినట్లు అనిపించింది.

అలా చాలా వానాకాలాలు గడిచాయి. ఒకనాడు డాక్టరు గారు ఉండబట్టలేక అన్నారు.

"గ్రౌండే లేదు కదండీ సెక్రటరీ గారూ. ఎవర్ని తెచ్చి ఎక్కడ ఆడిత్తాం, నీళ్లలోనా?"

"గ్రౌండ్ సంగతి తరవాతండి. ముందు బౌలరు ఉండాలి."

డాక్టరు గారు టీ తాగకుండా లేచారు. మరి రాలేదు. ఒక్కొక్కరే మానేశారు. చివరకు నేను మిగిలాను. ఆడడానికి మనుషులు లేని జట్టుకు, నీటి అడుగున ఉన్న మైదానానికి, మేము ఇద్దరం ఏటేటా ముగ్గురిని ఎంపిక చేసేవాళ్లం. ఏ ఏడాదీ ఉప్పాడ పేరు వారి నోటి నుంచి రాలేదు.

ఒకసారి నేనే అడిగాను, వెళ్లి అతనికి జరిగింది చెప్పి వద్దామా అని. వారు టైరు గాడిలో వేలు పెట్టి చూస్తూ, "ఆలీసంగా చెప్పిన నిజం సాకులా వినపడుద్ది తమ్ముడూ" అన్నారు. కొంతసేపటికి, "గౌరవం చేద్దామనుకున్నాను. ఆ పిల్లాడికి అవమానమై కూర్చుంది" అన్నారు. కప్పు పోయినందుకు గాని, చేను పోయినందుకు గాని వారు కంట తడి పెట్టగా నేను చూడలేదు. ఆ పూట చూశాను.

మూత్రపిండాలు చెడి ఆసుపత్రిలో చేరాక ప్రతి ఆదివారం వెళ్లేవాడిని. ఆఖరి ఆదివారం వారు కళ్లు తెరవకుండానే అడిగారు.

"ఎడం చేతివాళ్లు ఎవరైనా కనపడ్డారా?"

"లేదండి."

"కనపడరు" అన్నారు. గోడ వైపుకు తిరిగారు. మరి నాతో మాట్లాడలేదు.

వారి వల్ల నాకు ఒనగూరినవి చాలా ఉన్నాయి. సాయంత్రపు తరగతులకు వెళ్లమని మొదట చెప్పింది వారే. నేను పట్టా తెచ్చుకున్న రోజున షాపు మూసి మా ఇంటికి వచ్చారు. కాని వారిని తలచుకుని ధైర్యం తెచ్చుకోండి అని పాఠకులకు చెప్పలేను. మంచి మనసుతో ఆగిన నెల ఒక మనిషిని జీవితాంతం తినగా నేను పక్కన కూర్చుని చూశాను. దానికి నా వద్ద ఓదార్పు లేదు.

ఇక ఒక్క మనవి. ఇది చదివినవారు తమ వద్ద ఉంచుకోక, ఉప్పాడ వైపు వెళ్లేవారికి అందజేయండి. అక్కడ ఒకప్పుడు పెద్దాపురం జట్టుకు ఎడమచేత్తో బంతి వేసిన వ్యక్తి ఎవరని అడిగితే చెబుతారు. ఇప్పుడు ఆయన ఆడడం లేదట, వేటకే వెళుతున్నారట. చదువు రాదని విన్నాను, కనుక పక్కన కూర్చుని బిగ్గరగా చదివి వినిపించాలి. ఆషాఢం సంగతి వచ్చినచోట తొందరపడవద్దు. పడవలు ఒడ్డుకు చేరాక, ఎండ దిగే వేళ, ఆయన ఇసుకలో వల బాగుచేసుకుంటూ ఉంటారు. చదవడం అయ్యాక బదులు అడగవద్దు. ఆయన తల ఎత్తకపోయినా, వేళ్లు దారం ముడులు వేస్తూనే ఉన్నా, కొంతసేపు అలాగే కూర్చుని, లేచి వచ్చేయండి.