దిండు గలీబుల బేరం

నాగ్‌పాడాలో పాత గుడ్డలు నా అంత చవగ్గా కొన్నవాడు లేడని ఇప్పటికీ ఛాతీ విరుచుకుని చెప్పగలను. లాక్‌డౌన్లు ముగిశాక వచ్చిన మొదటి వానాకాలంలో ఒక లాడ్జి మూతపడితే, దాని దిండు గలీబులన్నీ మూటగట్టించి తెచ్చాను. అన్నీ నూలువి, తెల్లవి, ఉతికినవి. అమ్మినవాడు తల బాదుకున్నాడు. నా ఉద్యోగంలో అంత గొప్ప బేరం మరొకటి చేయలేదు. అంత చెడ్డదీ చేయలేదు.

అప్పుడు నేనొక తోలు సంచుల కార్ఖానాలో సూపర్‌వైజర్ని. యజమాని సేఠ్ తర్వాత నేనే. కోత, కుట్టు, రంగు అని మూడు బల్లలు నా కింద ఉండేవి. కామాఠిపురాలో మా నాన్న కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ని కాబట్టి కొనుగోళ్లు కూడా నాకే అప్పగించారు. రంగు బల్ల బాలయ్యది. మహబూబ్‌నగర్ నుంచి ఇళ్ల కట్టుబడి పనికొచ్చి, తోలు రంగులో స్థిరపడ్డాడు. ఇద్దరిదీ ఒకే చాల్, ఒకే వరండా మీది అద్దె గదులు. వయసులో పెద్దవాడని నేను బాలన్నా అనేవాణ్ని. అతను నన్ను సావుకారీ అని ఏడిపించేవాడు.

ఆ ఏడు అతని కుడిచెయ్యి కొద్దిగా వణకసాగింది. సేఠ్ కనిపెట్టాడు. ఈ ఆర్డరు మచ్చ లేకుండా దిగితే సరే, లేకపోతే రంగు చిమ్మే మిషన్ తెస్తానన్నాడు. బాలయ్య ఎదుటే అన్నాడు.

తోలు రంగును తాగుతుంది. మెడ భాగం ఒకలా తాగితే వీపు భాగం ఇంకోలా తాగుతుంది. అందుకే కోసిన ముక్కను ముందు గుడ్డతో శుభ్రంగా తుడిచి, అంతటా ఒకే చెమ్మ పట్టిస్తారు. తర్వాత గుడ్డను ఉండ చుట్టి, పల్చటి రంగులో ముంచి, పిండి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ పూస్తారు. ఒక వరస అంచు ఆరేలోపు పక్క వరస దానిమీదికి ఎక్కాలి. ఆరాక అడ్డంగా మరో పూత. చెయ్యి కాస్త వణికినా పై పూత సర్దేస్తుంది. తోల్లోకి ముందే నూనె దిగితే మాత్రం ఏ పూతా సర్దలేదు.

ఈ పనికి మెత్తబడ్డ పాత నూలు గుడ్డే కావాలి. మా చాల్ ఆడవాళ్లు వీధిలోకి వచ్చే గిన్నెలావిడకు పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు పుచ్చుకునేవారు. చీరలు నాకు దక్కాలంటే గిన్నెలావిడ కన్నా ఎక్కువ ఇవ్వాలి. నాకది నామోషీ. అందుకే గలీబులు.

బాలయ్య చెంపకు ఆనించి చూసుకున్నాడు. "మస్తు మెత్తగున్నయ్ సావుకారీ. పని జెయ్యాల్నా, పండాల్నా?"

"పడుకుంటే ఈ నెల పగార్ కోస్తా."

"పగార్ గూడ బేరమాడే ఇస్తివి గదా, ఇంకేం కోస్తవ్?"

ఆ గలీబులతో తుడిచి రంగేసిన ముక్కలు ఆరాక, వాటిమీద మబ్బుల్లా మచ్చలు తేలాయి. ఇంకో పూత వేస్తే ఇంకా స్పష్టమయ్యాయి. బాలయ్య ముక్కల్ని వదిలి తన చెయ్యి వైపే చూసుకున్నాడు. "చెయ్యి పోయింది తమ్మీ," అన్నాడు.

వానకి చెమ్మెక్కిన మిగతా గలీబులను ఆ సాయంత్రం జిగురు కాచే పొయ్యి దగ్గర ఆరేశాను. వేడి తగిలేసరికి కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ఎన్నేళ్ల తలలో! లాడ్జి ఉతుకుడికి మురికి పోయింది కానీ నూనె పోలేదు. బాలయ్య తోలు తుడిచినప్పుడల్లా నూనె రాశాడు.

వెంటనే సేఠ్ దగ్గరికి వెళ్లాను. అక్కడ పుట్టుబుద్ధి బయటపడింది. ఏ మాటనైనా తక్కువలో మొదలుపెట్టడం నాకు అలవాటు. గుడ్డల్లో కూడా కొంచెం లోపం ఉందేమో అన్నాను. ఆయన కనుబొమ్మ ఎత్తాడు. సగం తప్పు గుడ్డలదే అనుకోండి అన్నాను. ఆయన కలం కింద పెట్టాడు. అప్పుడు మొత్తం గుడ్డలదే, తెచ్చిన నాదే అన్నాను.

సేఠ్ నవ్వాడు. "అరే, సచ్ కా భీ భావ్ బఢాతా హై?" నిజానికి కూడా రేటు పెంచుతావా అని. నీ చాల్ మనిషి కోసం ఇంకెంత దాకా పోతావని అడిగాడు.

ఆయన ఎదుటే ఒక తోలుముక్కను గలీబుతో తుడిచి రంగు పూశాను. మచ్చలు పడ్డాయి. నువ్వు రంగు పని తెలిసిన కారీగర్‌వి కాదు, నీకు మచ్చలు పడక ఏం పడతాయన్నాడు. బాలయ్యను పిలిచి, నూనె లేని వేరే గుడ్డతో పూయమన్నాను. అతను గుడ్డ ముట్టుకోలేదు.

"నువ్వు నన్ను జూసి పాపమని జెప్తున్నవ్. నీ మాటల నిజమెంతో, తూకమెంతో నాకు తెల్వదా?"

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. రంగు పూసే గుడ్డకు ముందు వేడి చూపించి వాసన చూడాలి. నిజం చెప్పాల్సి వస్తే మొదటి మాటలోనే మొత్తం చెప్పాలి.

ఇక లెక్క. గలీబుల మీద నేను మిగిల్చింది కార్ఖానాకు నాలుగు రోజుల చాయ్ ఖర్చు. పాడైన తోలు ఫోరస్ రోడ్డులో చెప్పుల అట్టలకు పోయింది. మిషన్ వచ్చింది. బాలయ్య ఒక బిల్డింగుకి కాపలా ఉద్యోగంలో చేరాడు. నా జీతం, హోదా ఎక్కడివక్కడే ఉన్నాయి, రిటైరయ్యేదాకా. చెడిపోయింది తన చెయ్యేనని బాలయ్య ఇప్పటికీ నమ్ముతున్నాడు.