మా తమ్ముణ్ణి అడిగి చెప్తాను

డౌటక్క ఆఖరుసారిగా అడిగిన డౌటు ఒక ఫ్లాస్కు గురించి. అంతకుముందు రోజు జల్లెడ గురించి, దానికి ముందు రోజు మూకుడు పిడి గురించి. తినకుండా ఒక పూట గడపగలదేమో కానీ అడగకుండా గడపలేదు. అందుకే కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎప్పుడో మాసిపోయి, వీధి పెట్టిన పేరే నిలిచింది.

ఆ సాయంత్రం కూడా తమ్ముడి వంటసామాన్ల కొట్టుకి వచ్చింది. తనకోసమే మూలన వేసి ఉంచిన స్టూలు మీద కూర్చుని, చెప్పులు విడిచి, ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది.

"ఒరేయ్, మూత తీస్తే టక్కుమనని ఫ్లాస్కు ఉంటుందా?"

"టక్కుమంటే ఏమైందక్కా? లోపల వేడిగా ఉంటే చాలదూ?"

"వేడి సంగతి నేనడిగానా? చప్పుడు సంగతి అడిగాను."

"ఏం, దొంగచాటుగా తాగుతావా టీ?"

"తాగితే నీదేం పోయింది?"

ఇంతలో ఎవరో బేరానికి వచ్చారు. "రేపు చూసి చెప్తాలే అక్కా" అన్నాడు తమ్ముడు. "రేపంటే రేపే మరి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తెల్లారేసరికి నిద్రలోనే పోయింది. ఆవిడ పోయినందుకన్నా, ఎవర్నీ ఏమీ అడక్కుండా పోయినందుకు వీధి వీధంతా నోరెళ్ళబెట్టింది.

మరి ఆవిడ అడుగుడు అలాంటిది. పంటి డాక్టరు నోరు తెరవమంటే, తెరిచిన నోటితోనే వరసగా డౌట్లు అడిగింది. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. ఎలా అర్థమయ్యాయో ఆయనకే తెలియదు. ఇంకోసారి కండక్టరుని "ఈ బస్సు ఎక్కడికి వెళ్తుంది బాబూ?" అని అడిగి, ఆయన చెప్పింది సాంతం విని, "ఎందుకు?" అంది.

ఫోనులో కొన్న సరుకుల అట్టపెట్టెలు వీధిలోకి రావడం మొదలైంది కూడా ఆవిడ కళ్ళ ముందే. కొత్తలో ఎవరింటికైనా పార్సిల్ వస్తే, విప్పడం చూడ్డానికి ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చేవారు. పోనుపోను పాలప్యాకెట్టు వచ్చినా పార్సిల్ వచ్చినా ఒకటే అయిపోయింది, తలెత్తి చూసేవాళ్ళు లేరు. మేడ మీది టైలరు సూదుల పొట్లం తెప్పిస్తే, అది వచ్చిన పెట్టెలో పిల్లి కాపురం పెట్టి పిల్లల్ని కూడా కనేసింది.

తమ్ముడికి ఇదంతా కడుపుమంటే కానీ, అంతకుమించి అంతుపట్టని వింత. ధర చూస్తే అక్కడా ఇక్కడా ఒకటే. తన కొట్టు చూస్తే నాలుగడుగుల దూరం. మరి జనం ఎందుకిలా చేస్తున్నారు? ఉండబట్టలేక ఎదురు సెలూనాయన్ని పట్టుకున్నాడు.

"నిజం చెప్పు. ఆ గ్లాసులు ఫోనులో ఎందుకు కొన్నావ్?"

"నిజం చెప్తే బాధపడతావు."

"పడనులే."

"నీ దగ్గర మూడు రకాలు చూశాక నాలుగోది తియ్యమనాలంటే మొహమాటమయ్యా. నువ్వు నిట్టూరుస్తావు."

"నేనా? నేనెప్పుడు నిట్టూర్చాను?" అని నిట్టూర్చాడు తమ్ముడు.

"అదిగో!"

"ఇది వేరు."

"ఫోనైతే అలా కాదు. వంద చూసినా విసుక్కోదు. ఏదీ కొనకుండా ముసుగుతన్ని పడుకున్నా ఏమీ అనుకోదు. తెలివితక్కువ ప్రశ్న అడిగినా మన మొహం చూసి నవ్వదు."

చౌక అనుకున్నాడు, బద్ధకం అనుకున్నాడు, ఫ్యాషన్ అనుకున్నాడు కానీ మొహమాటం అని తమ్ముడికి ఎన్నడూ తట్టలేదు. ఆ రోజు నుంచి నిట్టూర్చకుండా ఉండటం సాధన చేశాడు. ఇంట్లో భార్య కంగారుపడి, "ఏవండీ, ఊపిరాడటం లేదా?" అని వీపు నిమిరింది. ఆ భార్య కూడా అప్పటికే సబ్బులూ గుండీలూ ఫోనులోనే తెప్పిస్తోంది, జుట్టు దువ్వుకోకుండా పనైపోతోందని. ఆఖరికి ఒక ముసురు రోజున కొట్లో పార్సిళ్ళు కట్టే టేపు అయిపోతే, తమ్ముడు అటూ ఇటూ చూసి తనూ ఫోనులోనే తెప్పించాడు. బల్ల కింద దూరి పెట్టె విప్పుతుంటే అక్క వచ్చింది.

"ఏంట్రా అది?"

"ఏం లేదక్కా."

"ఏం లేనిదానికి అంత పెట్టా?"

అయితే అక్క కూడా అటు చేరిందని తెలిసినప్పుడు మాత్రం తమ్ముడి ప్రాణం ఉసూరుమంది. అదే స్టూలు మీద కూర్చుని, ఫోనులో గరిటెలు చూస్తోంది!

"సొంత తమ్ముడి కొట్లో కూర్చుని పరాయి గరిటెలు చూస్తావా?"

"చూస్తే అరిగిపోతాయా? అది సరేగానీ, ఎడమచేతివాటం వాళ్ళకి ఒలక్కుండా వడ్డించే గరిటె ఏదిరా?"

"నీది కుడిచేతివాటం కదా!"

"మారొచ్చుగా."

అక్కణ్ణించి డౌట్ల తీరే మారిపోయింది. "కుక్కరు విజిలు వినపడని వాళ్ళకి ఉడికిందని ఎలా తెలుస్తుందిరా?" అనేది, వంటింట్లోంచే వీధి చివర గుసగుసలు వినగల ఆవిడ. ఇంకోరోజు, "ఇనప పెనానికి గుడ్డు అంటుకుపోతుంటే ఏం చెయ్యాలి?" అంది.

"ఎవరి పెనం?"

"ఇనప పెనం."

"అది విన్నాను. ఎవరిదీ అని."

"పెనం పెనమే. నువ్వు చెప్పు."

"కడిగి, తడి లేకుండా కాచమను. ఉల్లిపాయ సగానికి కోసి, నూనెలో ముంచి రుద్దమను. చల్లారాక మళ్ళీ కాచి మళ్ళీ రుద్దమను. సబ్బు మాత్రం తగలనివ్వద్దను."

విసుక్కుంటూనే అంతా చెప్పేవాడు. నిజానికి ఆ కొట్లో ఆయన్ని ఏదైనా అడిగే మనిషి ఆవిడొక్కతే మిగిలింది. వచ్చేవాళ్ళు వేలుపెట్టి చూపించి, సంచీలో వేయించుకుని పోతున్నారు. ఇంతకాలం గిన్నెల మధ్య బతికి నేర్చుకున్నదంతా ఎవరికీ పనికిరాదని తేలిపోయిందనీ, కొట్టు మూసేస్తే పీడా పోతుందనీ భార్యతో రెండుమూడుసార్లు అన్నాడు కూడా.

అక్క పోయిన కొన్నాళ్ళకి కొట్టు తెరిచాడు. స్టూలు ఖాళీగా ఉంది. చూడగానే ఫ్లాస్కు గుర్తొచ్చింది. "రేపంటే రేపే" అంది కదా. ఉన్న ఫ్లాస్కులన్నీ కిందికి దించి, ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని మూత తీశాడు. టక్. టక్. టక్. ఎదుటినుంచి సెలూనాయన కేకేశాడు.

"ఏమయ్యా, ఫ్లాస్కులకి జ్వరమా?"

అటక మీది పాత సరుకులో ఒకటి దొరికింది. మీటా లేదు, బొత్తామూ లేదు. మెత్తగా తిప్పితే మెత్తగా వచ్చే మూత. తీసినట్టు తీసినవాడికే తెలియలేదు. "ఉందక్కా" అన్నాడు స్టూలుతో.

అప్పుడే ఒకమ్మాయి కొట్టు ముందునుంచి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, గుమ్మంలో ఆగింది. తమ్ముడు నిట్టూర్పుని మింగేసి, "రామ్మా. ఊరికే చూడు, కొనక్కర్లేదు" అన్నాడు.

"ఇది... తమ్ముడుగారి కొట్టేనాండీ?"

"ఎవరి తమ్ముడు?"

"అదే తెలీదండీ. ఆవిడ 'మా తమ్ముడు' అనే రాస్తారు. గడియార స్తంభం పక్క సందులో కొట్టు అని ఒకసారి రాశారు."

"ఎక్కడ రాశారు?"

"ఫోనులో. వస్తువు బొమ్మ కింద మన డౌటు అడగొచ్చు కదండీ. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పొచ్చు. మామూలుగా ఎవరూ సరిగ్గా చెప్పరు. 'బాగుంది' అని ఒకళ్ళు, 'నాకింకా రాలేదు' అని ఒకళ్ళు. ఈవిడ మాత్రం 'మా తమ్ముణ్ణి అడిగి చెప్తాను' అంటారు. మర్నాటికల్లా చెప్తారు. నాకే ఇంకా చెప్పలేదు. కనుక్కుందామని..."

"నువ్వేం అడిగావమ్మా?"

"నవ్వకూడదు. నేను రాత్రి డ్యూటీ నర్సుని. పేషెంట్లంతా నిద్రపోయాక టీ తాగుదామని మూత తీస్తే..."

"టక్కుమంటుంది."

"మీకెలా తెలుసు?"

తమ్ముడు ఫ్లాస్కు చేతికిచ్చాడు. ఆ అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని మూత తిప్పింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అక్కగారికి థాంక్స్ చెప్పండి" అంది.

"అక్క లేదమ్మా. పోయింది. నీ డౌటు మాత్రం నాకు అప్పజెప్పి వెళ్ళింది."

ఆ అమ్మాయి వెళ్ళాక తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఫోను తీశాడు. గరిటెల కింద, కుక్కర్ల కింద, చాకుల కింద అక్కే ఉంది. 'మా తమ్ముణ్ణి అడిగాను. వాడికి తెలియని గిన్నె లేదు. కాస్త విసుక్కుంటాడు కానీ మంచివాడు.' ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎందరో కింద దణ్ణాలు పెట్టారు, ఆవిడకి కొందరు, తమ్ముడికి కొందరు. కొట్టు మూసేసే మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర భార్యకి ఇదంతా చెప్పాడు. ఆవిడ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"ఆ తమ్ముడు మీరా!"

"నీకెలా తెలుసు?"

"మీరు తెచ్చిన ఈ పెనానికి గుడ్డు అంటుకుపోయేదండీ. మీకు చెప్తే కొట్టుని అన్నట్టు చిన్నబుచ్చుకుంటారని, వేరే పేరు పెట్టుకుని ఫోనులో అడిగాను. 'ఊరికే వచ్చిన పెనం, తిరిగిచ్చే వీల్లేదు, ఏం చెయ్యను?' అని. ఎవరో పెద్దావిడ వాళ్ళ తమ్ముణ్ణి అడిగి చెప్పింది, ఉల్లిపాయతో రుద్దమని."

తమ్ముడు పెనంకేసి చూశాడు. గుడ్డు దానంతటదే జారి ఆయన కంచంలోకి వచ్చింది.

"అది నువ్వేనని అక్కకి తెలుసా?"

"తెలీదనే అనుకున్నాను" అంది భార్య, నవ్వాపుకుంటూ. "చివర్న ఒక ముక్క రాసింది. ఎవరో మరీ చనువు మనిషిలే అని వదిలేశాను."

"ఏమని రాసింది?"

"'మీ ఆయనతో నేను చెప్పనులే అమ్మాయ్' అని."